రోజుకు రెండు పూటల డైట్‌లో ఉండగా ప్రెగ్నెన్సీ వచ్చింది: ఏది ఉంచాలి, ఏది మార్చాలి?

ప్రశ్న (తొమ్మిదో వారం)

అందరికీ నమస్కారం. నాకు ఇప్పుడు తొమ్మిదో వారం. వయసు 29, ఎత్తు 160 సెంటీమీటర్లు, గర్భం నిలిచేనాటికి బరువు 72 కిలోలు. అంతకుముందు 81 ఉండేదాన్ని. ఏడాదికి పైగా ఒకే ప్లాన్ పట్టుకుని తగ్గాను. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఒక భోజనం, రాత్రి ఏడింటికి ఇంకొకటి, మధ్యలో ఏమీ ముట్టను. గుడ్లు, కూరగాయలు, పెరుగు, అప్పుడప్పుడు చికెన్. అన్నం, రొట్టె పేరుకు మాత్రమే. చక్కెర పూర్తిగా మానేశాను. పొద్దుటి పూటంతా బ్లాక్ కాఫీతోనే గడిచిపోయేది, మూడు కప్పులు, పని ఎక్కువుంటే నాలుగు.

ఈ ప్లాన్ నాకు కుదరడానికి కారణం ఒకటే, రోజూ ఆలోచించక్కర్లేదు. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా వండేసి డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను. ఆఫీసు నుంచి వచ్చాక ఒక డబ్బా తీసి వేడి చేసుకోవడమే.

ఇప్పుడేమో పొద్దున కళ్లు తెరవగానే కడుపులో తిప్పుతోంది, కడుపు ఖాళీగా ఉంటే మరీనూ. ఇంట్లోవాళ్లు ఇద్దరికి సరిపడా తినమంటున్నారు. డాక్టర్ ఫోలిక్ యాసిడ్ రాసిచ్చి, "బాగా తినండి, బరువు మాత్రం మరీ పెరగకండి" అన్నారు. ఆ రెండూ కలిపి ఎలా చేయాలో నాకు అర్థం కాలేదు. బయట చాలామంది కూర్చుని ఉన్నారు, గుచ్చిగుచ్చి అడగలేకపోయాను.

రెండు పూటల పద్ధతి కొనసాగించవచ్చా? కాఫీ ఎంతవరకు పర్లేదు? ఇంట్లో సగం డబ్బా ప్రోటీన్ పౌడర్ ఉంది, వాడొచ్చా? కష్టపడి తగ్గించుకున్న బరువు మళ్లీ వచ్చేస్తుందేమో అనే భయం ఉంది, దాచను. బిడ్డకి ఏదైనా తక్కువ చేస్తున్నానేమో అనే టెన్షన్ అంతకంటే ఎక్కువగా ఉంది. సింపుల్‌గా, రోజూ పాటించగలిగేలా ఎవరైనా చెప్పండి.

జవాబు (ఇద్దరు పిల్లల తల్లి)

ముందుగా శుభాకాంక్షలు చెల్లీ. నేను డాక్టర్‌ని కాదు, డైట్ లెక్కలు తెలిసినవాళ్లు చెబుతారు. పొద్దుటి వికారం గురించి మాత్రం నేను చెప్పగలను, రెండుసార్లూ నన్ను బాగా పట్టింది.

కడుపు ఖాళీగా ఉంటే వికారం పెరుగుతుందని నువ్వే రాశావు కదా. అదే అసలు విషయం. మంచం పక్కన రెండు ఉప్పు బిస్కెట్లో, ఎండు రొట్టె ముక్కో పెట్టుకో. లేవకముందే, పడుకునే మెల్లగా నమిలి, పది పదిహేను నిమిషాలు ఆగి అప్పుడు లే. నీళ్లు భోజనంతో పాటు గటగటా తాగకుండా మధ్యమధ్యలో గుక్క గుక్కగా తాగు. వేడి కూర వాసన పడకపోతే చల్లారాక తిను. చల్లటి పెరుగు, పండు లాంటివి ఆ వారాల్లో నాకు బాగా పడ్డాయి. ఇవాళ పడినది రేపు పడకపోవచ్చు, దానికి కంగారు పడకు. పడినది తిను.

ఒక్క జాగ్రత్త. రోజంతా నీళ్లు కూడా నిలవకుండా వాంతులైనా, మూత్రం బాగా ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తున్నా, బరువు గబగబా పడిపోతున్నా ఇంటి చిట్కాలతో ఆగకు. ఆసుపత్రికి వెళ్లు. అది మామూలు వికారం కాదు, సెలైన్, మందులు కావాల్సి రావచ్చు.

జవాబు (డైటీషియన్)

నేను ప్రసూతి విభాగంలో డైటీషియన్‌ని. మీలాంటి ప్రశ్న తరచుగా వస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మీ డాక్టర్‌కి మీ రిపోర్టులు తెలుసు, నాకు తెలియవు. ఇది చదివి, ఒకసారి వారితో మాట్లాడి మొదలుపెట్టండి.

మీ ప్లాన్‌లో బాగున్నది చాలా ఉంది. కూరగాయలు, గుడ్లు, పెరుగు, ఇంటి వంట, చక్కెర లేకపోవడం, ఇవన్నీ అలాగే ఉంచండి. తీసేయాల్సినవి రెండే: గంటల తరబడి ఖాళీ కడుపు, పిండిపదార్థాల కోత. ఇన్నాళ్లూ ఆ ప్లాన్ ఒంట్లోంచి తీయడానికి పనిచేసింది. ఇకనుంచి ఏదీ తక్కువ కాకుండా చూడటానికి పనిచేయాలి.

రాత్రి ఏడు నుంచి మర్నాడు పన్నెండున్నర వరకు లెక్క వేస్తే పదిహేడున్నర గంటలు. గర్భంతో ఉన్నప్పుడు అంతసేపు తినకపోతే ఒంట్లో గ్లూకోజు మామూలు కంటే త్వరగా తగ్గి, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు అనే పదార్థాలు పెరుగుతాయి. నెలలు నిండేకొద్దీ ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. బిడ్డ పెరగడానికి ముఖ్యమైన ఇంధనం గ్లూకోజే, అది మీ రక్తంలోంచే వెళ్లాలి. కాబట్టి ఉపవాసపు గంటలు ఇవాళే ఆపేయండి. మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడు చిన్న తిళ్లు. రాత్రి తిన్నాక పొద్దుటికి పది, పన్నెండు గంటలకు మించి ఖాళీ వద్దు.

పిండిపదార్థాలు గర్భిణికి రోజుకు కనీసం 175 గ్రాములు కావాలని పోషకాహార ప్రమాణాలు చెబుతాయి. ఇది అన్నం తూకం కాదు, ఆహారంలో ఉండే కార్బోహైడ్రేట్ తూకం. కప్పు అన్నంలో సుమారు 45 గ్రాములు, మోస్తరు అరటిపండులో 27, కప్పు ఉడికిన పప్పులో 40, గ్లాసు పాలలో 12 ఉంటాయి. పూటకో కప్పు ధాన్యం, రెండు పండ్లు, పప్పు, పాలు ఉంటే ఆ లెక్క దానంతటదే నిండుతుంది. పొట్టు తీయని ధాన్యాలైతే పీచు కూడా అందుతుంది, మలబద్ధకం తగ్గుతుంది.

రోజూ లెక్కలు వేసుకునే ఓపిక మీకు లేదు కాబట్టి కంచంతో కొలవండి. సగం కూరగాయలు, పండ్లు. పావు భాగం ధాన్యం. మిగిలిన పావు గుడ్డు, పప్పు, చేప, చికెన్‌లలో ఏదో ఒకటి. పక్కన పాలో పెరుగో. ప్రోటీన్ రోజుకు 70 గ్రాముల దాకా వస్తే చాలు. గుడ్డులో 6, గ్లాసు పాలలో 8, కప్పు ఉడికిన పప్పులో 18, వంద గ్రాముల వండిన చికెన్‌లో పాతిక పైనే ఉంటాయి. గుడ్డులో ఇంకో మేలుంది. బిడ్డ మెదడు ఎదుగుదలకు కోలిన్ అనే పోషకం రోజుకు 450 మిల్లీగ్రాములు కావాలి, ఒక్క గుడ్డులోనే అందులో మూడోవంతు దాకా దొరుకుతుంది. పచ్చసొన పారేయకండి.

ఇక బరువు. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే కొలత, 28. ఇది కాస్త ఎక్కువ బరువు వరుస. ఈ వరుసలో ఉన్నవారు మొత్తం గర్భకాలంలో 7 నుంచి 11.5 కిలోలు పెరగడం మంచిదని 2009లో అమెరికా వైద్య సంస్థ ఇచ్చిన ప్రమాణం, దాన్నే చాలాచోట్ల వాడుతున్నారు. మొదటి మూడు నెలల్లో అర కిలో నుంచి రెండు కిలోలు, ఆ తర్వాత వారానికి పావు కిలోకి కాస్త అటూఇటూ. వికారం వల్ల ఈ మూడు నెలల్లో ఏమీ పెరగకపోయినా భయం లేదు. అసలు ఆ కిలోలు ఏమిటో చూడండి. బిడ్డ మూడు కిలోలు, మాయ దాదాపు 700 గ్రాములు, ఉమ్మనీరు ఇంచుమించు కిలో, పెరిగిన గర్భాశయం ఇంకో కిలో, అదనంగా తయారైన రక్తం కిలో పైన, రొమ్ముల పెరుగుదల అర కిలో. ఏడు కిలోలు ఇక్కడే దాటిపోయాయి. మీరు తగ్గించుకున్న కొవ్వుకీ దీనికీ సంబంధం లేదు. అయినా మిషన్ మీద అంకె పెరిగినప్పుడల్లా తినడం మానేయాలనిపిస్తే ఆ మాట మీ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, దానికీ సహాయం దొరుకుతుంది. తూకం వారానికి ఒక్కసారి చాలు.

ఇద్దరికి సరిపడా తినమనేది ప్రేమతో చెప్పే మాటే, కానీ లెక్క అంత ఉండదు. మొదటి మూడు నెలలు అదనంగా ఏమీ అక్కర్లేదు. నాలుగు నుంచి ఆరో నెల వరకు రోజుకు సుమారు 340 కేలరీలు, చివరి మూడు నెలల్లో 450. ఆ 340 అంటే ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు, ఒక ఉడికించిన గుడ్డు, అంతే. మీ డాక్టర్ చెప్పిన రెండు మాటలూ దీంతో కలుస్తాయి.

కాఫీకి హద్దు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్. పెద్ద కప్పు ఇన్‌స్టంట్ కాఫీలో సుమారు 100, ఫిల్టర్ కాఫీలో 140 ఉంటుంది. టీ, కోలా, చాక్లెట్‌లో ఉండేది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మీ మూడు నాలుగు కప్పులు హద్దు దాటాయి. ఒక్కసారిగా ఆపితే తలనొప్పి పట్టుకుంటుంది, రెండు రోజులకో అర కప్పు చొప్పున తగ్గించుకుంటూ రండి. మద్యం మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు, అందులో సురక్షితమైన కొలత అంటూ లేదు.

ప్రోటీన్ పౌడర్ పక్కన పెట్టండి. తిండితోనే సరిపోతుంది. చాలా డబ్బాల్లో విటమిన్లు, మూలికల సారాలు కలిపి ఉంటాయి. ముఖ్యంగా రెటినాల్ రూపంలో ఉండే విటమిన్ ఎ ఎక్కువైతే బిడ్డకి హాని. ఆ కారణంతోనే కాలేయం కూడా మానమంటాం. క్యారెట్, ఆకుకూరల నుంచి వచ్చే విటమిన్ ఎతో ఆ భయం లేదు, హాయిగా తినండి. బరువు తగ్గించే టీలు, ఫ్యాట్ బర్నర్ మాత్రలు ఇంట్లో ఉంటే బయట పడేయండి. ఫోలిక్ యాసిడ్ రోజూ 400 మైక్రోగ్రాములు, కనీసం పన్నెండో వారం దాకా ఒక్క రోజు కూడా వదలకండి. కొందరికి ఎక్కువ డోసు అవసరం, అది డాక్టర్ చూసి రాస్తారు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది మీ ఆదివారం డబ్బాలు. వంట ఒకేసారి చేసుకోవడం తప్పేం కాదు, కానీ లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. గర్భిణులకు ఇది సోకే అవకాశం మిగతావారికంటే చాలా ఎక్కువ. తల్లికి కాస్త జ్వరం, ఒళ్లునొప్పులతో పోయినా గర్భానికి ప్రమాదం తేగలదు. అందుకని వండినది రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. లోతు గిన్నెలో పెడితే మధ్యలో వేడి చాలాసేపు నిలిచిపోతుంది, వెడల్పాటి డబ్బాలో పలచగా సర్దండి. ఫ్రిజ్‌లో చల్లదనం 4 డిగ్రీలకు మించకూడదు. రెండు రోజుల్లో తినేవి కింద, మిగతావి ఫ్రీజర్‌లో, మూత మీద తారీకు రాసి. తినేముందు మైక్రోవేవ్‌లో పెడితే సగం వేడయ్యాక తీసి అడుగు నుంచి కలిపి మళ్లీ పెట్టండి. అంచులు పొగలు కక్కుతున్నా నడిమధ్య చల్లగా ఉండిపోవడం చాలాసార్లు చూస్తుంటాం. మధ్యలో కూడా ఆవిరి రావాలి, అంటే 74 డిగ్రీలు. ఒకసారి వేడి చేసి మిగిలింది మళ్లీ లోపల పెట్టకండి.

అదే లెక్కన కాచని పాలు, వాటితో చేసిన మెత్తటి చీజ్, ప్యాకెట్‌లోంచి తీసి చల్లగానే తినే మాంసం వద్దు. గుడ్డు తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేదాకా ఉడకాలి. పచ్చి కూరగాయలు మట్టి పోయేలా నీటి ధార కింద కడగండి. చేపలు వారానికి 225 నుంచి 340 గ్రాములు మంచివే, సొరచేప, కత్తిచేప లాంటి పెద్ద వేట చేపలు తప్ప. వాటిలో పాదరసం ఎక్కువ పేరుకుంటుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. అక్కా, బిస్కెట్లు మంచం పక్కకి వచ్చేశాయి, పొద్దుటిపూట కొంచెం నయంగా ఉంది. మాయ, ఉమ్మనీరు, రక్తం అని విడదీసి రాసిన ఆ లెక్క మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

ఇంకో రెండు సందేహాలు. నాలుగో నెల నుంచి ఐరన్, కాల్షియం మొదలుపెడదామని డాక్టర్ అన్నారు, అవి ఎలా వేసుకోవాలి? ఇంకోటి షుగర్ టెస్ట్. మా అమ్మకి షుగర్ ఉంది. టెస్ట్ అయ్యేదాకా అన్నం తక్కువే తింటే రిజల్ట్ బాగా వస్తుంది కదా అని ఒక ఫ్రెండ్ అంది. నిజమేనా?

జవాబు (ప్రెగ్నెన్సీలో షుగర్ వచ్చిన తల్లి)

మీ ఫ్రెండ్ చెప్పింది తలకిందులండి. పిండిపదార్థాలు బాగా తగ్గించి ఉన్న శరీరానికి టెస్ట్‌లో తాగించే 75 గ్రాముల గ్లూకోజు ఒక్కసారిగా ఇస్తే దాన్ని సరిగా సర్దుకోలేదు, లేని షుగర్ ఉన్నట్టు చూపించవచ్చు. టెస్ట్‌కి ముందు మూడు రోజులు మామూలుగా, కనీసం 150 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉండేలా తినమని మా డాక్టర్ ప్రత్యేకంగా చెప్పారు. ముందురోజు రాత్రి నుంచి మాత్రం వాళ్లు చెప్పినన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉండాలి. టెస్ట్ సాధారణంగా 24 నుంచి 28 వారాల మధ్య చేస్తారు. అమ్మగారికి షుగర్ ఉందంటున్నారు, మీ బరువు కూడా కాస్త ఎక్కువే, కాబట్టి మొదట్లోనే ఒకసారి చూడమని అడగండి. మా అక్కకి అలాగే ముందే చేశారు.

నాకు తేలాక డాక్టర్ పెట్టిన హద్దులు ఇవి: పరగడుపున 95 లోపు, తిన్న గంటకి 140 లోపు, రెండు గంటలకి 120 లోపు. ఇంట్లో మిషన్‌తో చూసుకునేదాన్ని. అన్నిటికంటే నాకు ఉపయోగపడింది పొద్దుటి టిఫిన్ సంగతి. పాలు, పండు, రొట్టె మూడూ కలిపి తిన్న రోజు గంట తర్వాత అంకె పైకి పోయేది. అదే పండు పదకొండింటికి జరిపి, పొద్దున రొట్టెతో ఉడికించిన గుడ్డు, కూరగాయలు తింటే హద్దులోనే ఉండేది. పొద్దుటిపూట ఇన్సులిన్ సరిగా పనిచేయదని, అదే తిండి మధ్యాహ్నం పర్లేదని డైటీషియన్ వివరించారు. తిన్నాక పావుగంట మెల్లగా నడక కూడా బాగా పనిచేసింది. అన్నం పూర్తిగా మానేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. మూడు పూటలకీ పంచుకుని తినమన్నారు, అలాగే తిన్నాను. తిండి, నడకతో అంకెలు దిగకపోతే ఇన్సులిన్ ఇస్తారు. అంతమాత్రాన మీరు తిండిలో ఏదో లోపం చేశారని కాదు. మాయ నుంచి వచ్చే హార్మోన్లే దీనికి మూలం.

జవాబు (డైటీషియన్)

షుగర్ టెస్ట్ గురించి వారు చెప్పింది సరిగ్గా ఉంది.

ఐరన్, కాల్షియం ఒకేసారి మింగకండి, కాల్షియం ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఐరన్ వేసుకున్నప్పుడు ఒక కమలాపండో, జామకాయో తింటే విటమిన్ సి వల్ల బాగా పడుతుంది. కాఫీ, టీలకి దానికీ గంటైనా ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తుంది, కంగారు పడకండి. కడుపు బిగపడితే మాత్ర మానకండి. నీళ్లు, పీచు పెంచి చూసి, అప్పటికీ తగ్గకపోతే డాక్టర్‌ని వేరే రకం రాయమనండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అన్నీ కలిపి ఒక చార్ట్ రాసుకున్నాను, తప్పులుంటే చెప్పండి. లేవకముందు బిస్కెట్లు. ఎనిమిదింటికి రొట్టె, ఉడికించిన గుడ్డు, టమాటా, దోసకాయ, ఒక చిన్న కప్పు కాఫీ. పదకొండింటికి పండు, గుప్పెడు గింజలు. ఒంటిగంటకి అన్నం, పప్పు, కూర, పెరుగు. నాలుగున్నరకి పాలు. ఎనిమిదింటికి మధ్యాహ్నం లాగే, పప్పు బదులు చేపో చికెనో. పడుకునేముందు ఆకలైతే కొంచెం పెరుగు. నాలుగో నెల నుంచి ఐరన్ పొద్దున ఎనిమిదింటికి, కాల్షియం రాత్రి భోజనంతో. ఆదివారం ఒక్కరోజే వండే బదులు ఆదివారం, బుధవారం రెండు రోజులు వండుతాను. కాఫీ ఇప్పటికి రెండు కప్పులకి వచ్చింది.

జవాబు (డైటీషియన్)

చక్కగా ఉంది, ఇదే డాక్టర్‌కి చూపించండి. ఒక్కటి మార్చండి. ఎనిమిదింటికి కాఫీ ఉంది కాబట్టి ఐరన్ అక్కడ వద్దు, పదకొండింటి పండుతో వేసుకోండి. గింజలు కాసేపాగి తినండి. రాత్రి చేప, చికెన్ లేని రోజు పప్పో రెండో గుడ్డో తప్పకుండా ఉండాలి.